పుప్పొడి రాలకముందే: ఉత్తరాఖండ్ కొండల్లో హెంప్ విత్తనం వెంట ఆరు రోజులు

మొదటి రోజు: డెహ్రాడూన్ నుంచి పౌడీకి

ఆగస్టు రెండో వారంలో, వానల మధ్య దొరికిన ఒక తెరిపి రోజున జాలీగ్రాంట్ విమానాశ్రయంలో దిగాను. బయటికి వచ్చి కారెక్కేలోపే, రోడ్డు పక్క ఖాళీ జాగాలో నడుము ఎత్తున గుబురుగా ఎదిగిన భాంగ్, అంటే అడవి గంజాయి మొక్కలు కనిపించాయి. వాటిని ఎవరూ విత్తలేదు, ఎవరూ నీరు పెట్టలేదు. హిమాలయ పాదాల నుంచి పైదాకా బంజరు నేలల్లో, దిబ్బల మీద, పశువుల పాకల వెనుక ఈ మొక్క తనంతట తాను మొలుస్తుంది. మత్తు అతి తక్కువగా ఉండే హెంప్ విత్తనాన్ని ఎంచి తీసే పనిమీద వచ్చాను. ఆ పనికి మొదటి శత్రువు ఇలా గుమ్మంలోనే ఎదురైంది.

పాతికేళ్లు గోగు నార రకాల మీద పనిచేసినవాణ్ణి కనుక నారపంట నాకు కొత్త కాదు. గోగు శాస్త్రీయ నామంలోని 'కన్నాబినస్' అనే మాట కూడా దాని ఆకు ఈ మొక్క ఆకును పోలి ఉండటం వల్లనే వచ్చింది. అయితే పేర్ల విషయంలో మనవాళ్లకు చిక్కు ఎక్కువ. మన జనుము చిక్కుడు కుటుంబానికి చెందిన పైరు, గోగు మందార కుటుంబానికి చెందినది. హెంప్ వేరు, అది గంజాయి జాతికి చెందిన కన్నాబిస్ సటైవానే. మత్తునిచ్చే టి.హెచ్.సి. అతి తక్కువగా ఉండి, నార కోసమో గింజ కోసమో పండించే రకాలనే ఇండస్ట్రియల్ హెంప్ అంటారు. చట్టం గీసిన గీత 0.3 శాతం. 2018లో హెంప్ సాగుకు లైసెన్సు ఇచ్చి, దేశంలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రంగా ఉత్తరాఖండ్ నిలిచింది.

దేవప్రయాగ దగ్గర అలకనంద, భాగీరథి రెండూ ఒకే బురద రంగులో కలుస్తున్నాయి. శ్రీనగర్ దాటి మలుపులు ఎక్కి చీకటి పడేసరికి పౌడీ చేరుకున్నాను. ఆకు పరీక్ష కోసం సంచిలో ప్రాణప్రదంగా తెచ్చుకున్నవి రెండే: సిలికా పూత పూసిన పలకల పెట్టె, ఫాస్ట్ బ్లూ బి అనే రంగు పొడి ఉన్న చిన్న సీసా.

రెండో రోజు: పౌడీ దిగువ గ్రామంలో

ఇక్కడ పొలాన్ని నాలీలలో లెక్కిస్తారు. ఒక నాలీ అంటే 200 చదరపు మీటర్లు, 50 నాలీలు ఒక హెక్టారు. నన్ను పిలిచిన రైతు బృందంలోని పెద్దకు పన్నెండు నాలీలున్నాయి. అవి ఒకచోట లేవు. కొండవాలు మీద ఏడు మెట్లుగా విడిపోయి ఉన్నాయి. సగం మెట్లు ఎన్నో ఏళ్లుగా బీడు పడ్డాయి. కోతులు, అడవి పందులు పంటను మిగల్చవు. పిల్లలు మైదానాలకు వెళ్లిపోయారు. పౌడీ, అల్మోడా జిల్లాల జనాభా 2001 కన్నా 2011 లెక్కల్లో తగ్గిందని చదివినప్పుడు అది నాకు ఒక అంకె మాత్రమే. తాళం తుప్పుపట్టిన తలుపుల మధ్య నుంచి నడుస్తున్నప్పుడు ఆ అంకె బరువు తెలిసింది. పందులు ముట్టని, కోతులు పీకని పంట ఒకటి ఉందంటే వీళ్లు ఎందుకు చెవి ఒగ్గుతారో వేరే చెప్పనక్కరలేదు.

"భాయీజీ, మొదటి ఏడు మాకు బయటి దేశపు విత్తనం ఇచ్చారు," అని ఆ పెద్దాయన మొదలుపెట్టాడు. ఇచ్చిన కొనుగోలుదారు పేరు ఇక్కడ అనవసరం. మనిషిని మించి ఎదుగుతుందన్న పైరు మోకాలి ఎత్తుకే పూతకు వచ్చిందట. నార లేదు, పిడికెడు గింజలు మాత్రం రాలాయి. మట్టి మంచిది కాదని వాళ్లన్నారు, విత్తనం నకిలీదని వీళ్లన్నారు.

నా దృష్టిలో మట్టిదీ తప్పు కాదు, విత్తనం నకిలీదీ కాదు. హెంప్ పొద్దు తగ్గితే పూసే మొక్క. ఐరోపా రకాలు 45 నుంచి 50 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య, వేసవిలో పగలు పదహారు గంటల వరకు సాగే చోట రూపుదిద్దుకున్నాయి. పౌడీ 30వ డిగ్రీ మీద ఉంది. ఏడాదిలో అతి దీర్ఘమైన పగలు కూడా ఇక్కడ దాదాపు 14 గంటలే. అక్కడ ఆగస్టులో కనిపించే సూచన ఆ మొక్కకు ఇక్కడ మొలకెత్తిన నాటి నుంచే కనిపిస్తుంది. పెరగవలసిన కాలాన్ని వదులుకుని తొందరపడి పూసేస్తుంది. విత్తనం సంచిమీద టి.హెచ్.సి. శాతం ముద్రించి ఉంటుంది గాని, ఏ పగటి పొడవు కింద పుట్టిన రకమో ముద్రించరు. కొత్త పంటను తెచ్చేవారు మొదట అడగవలసిన ప్రశ్న అదే అని నా నమ్మకం.

మరి పక్కనే తలెత్తుకు ఎదిగిన దేశవాళీ మొక్క సంగతి ఏమిటి? ఈ కొండల్లో దాన్ని నారకు, గింజకు తరతరాలుగా పెంచుతున్నారు. గింజలు వేయించి నూరిన పచ్చడిలో మత్తు ఉండదు. గింజలో దాదాపు 30 శాతం నూనె, 25 శాతం మాంసకృత్తులు ఉంటాయి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కూడా పూమొగ్గలు కలవని గింజను, ఆకును గంజాయి నిర్వచనం నుంచి మినహాయించింది. హెంప్ గింజను, గింజ నూనెను ఆహారంగా అమ్ముకోవడానికి 2021లో దేశ ఆహార భద్రతా సంస్థ అనుమతినిచ్చింది. ఇంత ఉన్నా దేశవాళీ మొక్క పూత కొసను పరీక్షకు పంపితే టి.హెచ్.సి. చాలాసార్లు గీత దాటుతుంది. దాటిన పంటను ధ్వంసం చేయవలసి ఉంటుంది.

ఆ 0.3 అనే అంకె ఎక్కడ పుట్టిందో ఆ సాయంత్రం వరండాలో కూర్చుని వివరించాను. 1976లో కెనడా వృక్షశాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ స్మాల్, అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ క్రాన్‌క్విస్ట్ ఈ జాతిని వర్గీకరిస్తూ, వీలు కోసం గీసుకున్న గీత అది. ఆ వర్గీకరణకు ఆధారమైన మొక్కలను ఒట్టావాలో పెంచారు. మత్తు ఎంత మోతాదు దగ్గర మొదలవుతుందో కొలిచి పెట్టిన హద్దు కాదది. తరువాత ఒక్కొక్క దేశమే దాన్ని చట్టంలోకి తీసుకున్నది. ఆ గీత న్యాయమైనదా కాదా అని పెద్దాయన అడిగాడు. గీతతో వాదించే శక్తి నాలుగు మెట్ల రైతుకు లేదు కాబట్టి, ఈ కొండకు అలవాటుపడిన మొక్కనే గీత లోపలికి తీసుకురావాలని చెప్పాను. బయటి రకాన్ని కొండకు అలవాటు చేయడం కన్నా అది తేలికని అనుభవం మీద నమ్ముతున్నాను.

అది సాధ్యమేనన్న ధైర్యం జన్యుశాస్త్రం ఇస్తుంది. మత్తునిచ్చే టి.హెచ్.సి., మత్తునివ్వని సి.బి.డి. అనే రెండు పదార్థాలూ ఒకే మూల పదార్థం నుంచి తయారవుతాయి. ఏది ఎక్కువగా తయారు కావాలో ప్రధానంగా ఒక్క జన్యుస్థానం నిర్ణయిస్తుందని 2003లో వెలువడిన సంకరణ ప్రయోగాలు చూపాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే ఆ రెండు ప్రతులూ సి.బి.డి. వైపువైతే మొక్కలో టి.హెచ్.సి. స్వల్పం, రెండూ టి.హెచ్.సి. వైపువైతే అది మత్తు మొక్క. చెరొకటి వస్తే రెండూ సమంగా కనిపిస్తాయి. దేశవాళీ గుంపుల్లో ఈ మూడు రకాలూ కలగలిసి దొరుకుతాయి. ఏరుకోవడమే పని. ఏరుకోవడానికి పూత దాకా ఆగనక్కరలేదు, లేత ఆకులోనే ఆ నిష్పత్తి బయటపడుతుంది. నా సంచిలోని పలకలు అందుకే.

మూడో రోజు: సిరోబగడ్ దగ్గర ఆగిపోయాం

బాగేశ్వర్ పైన ఉన్న ఒక గ్రామంలో నిరుడు మొదలుపెట్టిన మడి నా అసలు గమ్యం. అక్కడ మగ మొక్కలు మొగ్గ తొడిగాయని, మరో నాలుగైదు రోజుల్లో విచ్చుతాయని మూడు రోజుల కిందట ఫోను వచ్చింది. శ్రీనగర్, రుద్రప్రయాగల మధ్య సిరోబగడ్ దగ్గర కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది. తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా ఒక్క బండి కదలలేదు.

ఆ రోజంతా నాకు ఒకటే ధ్యాస. హెంప్‌లో ఆడ, మగ మొక్కలు వేరు. విత్తితే సుమారు సగం మగవే మొలుస్తాయి. మగ మొక్క పూసి, పుప్పొడి రాల్చి, ఎండిపోతుంది. ఆ పుప్పొడిని మోసేది గాలి. ఎంత దూరమంటే, మొరాకో సాగు భూముల్లో లేచిన హెంప్ పుప్పొడి సముద్రం దాటి స్పెయిన్ దక్షిణ తీరంలో గాలి నమూనాలలో దొరికింది. విత్తనోత్పత్తిలో మడికీ మడికీ మధ్య కిలోమీటర్ల వేర్పాటు దూరం కోరేది ఇందుకే. నిరుడు మేము బాగేశ్వర్ మడికి విత్తనం తీసుకున్నది పదకొండు ఆడ మొక్కల నుంచి. పదకొండూ పరీక్షలో సి.బి.డి. వైపువే. వాటి తండ్రులెవరో గాలికే తెలియాలి. తల్లిని మాత్రమే ఎంచితే ఎంపిక సగమే జరిగినట్టు. ఈ ఏడు తండ్రులను ఎంచాలి, అదీ పూత విప్పకముందే.

పక్క జీపులో ఉన్న పదవీ విరమణ చేసిన సైనికుడు ఎక్కడికని అడిగాడు. భాంగ్ విత్తనం పని మీద అనగానే కనుబొమలు ముడిచి, "నషా కోసమా?" అన్నాడు. నార కోసమని చెప్పేసరికి ముఖం విప్పారింది. తన నాయనమ్మ ఆ నార వడికి నేసిన గోనె పరచి దాని మీదే గోధుమ నూర్చేవాళ్లమని, ఆ తాడుతో కట్టిన గేదె ఎన్నడూ తప్పించుకోలేదని చెప్పాడు. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో ఈస్టిండియా కంపెనీ కూడా ఈ కొండల నార కొనుక్కున్నది. ఆ నేర్పు ఇంకా ఇక్కడి చేతుల్లోనే ఉంది, ముసలి చేతుల్లో. సైనికుడి మొదటి ప్రశ్న మాత్రం ఈ పంట ఎక్కడికి వెళ్లినా వెంట వస్తుంది. దాన్ని చిరాకుగా తోసేయకుండా, పరీక్ష ఫలితంతో ప్రతిసారీ జవాబు చెప్పడం సాగుదారు బాధ్యత అని నేననుకుంటాను.

నాలుగో రోజు: కర్ణప్రయాగ, థరాలీ, గ్వాల్‌దమ్

ఉదయం తొమ్మిదికి దారి తెరిచారు. కర్ణప్రయాగ దగ్గర అలకనందను వదిలి పిండర్ నది వెంట థరాలీ, అక్కడి నుంచి ఎక్కి గ్వాల్‌దమ్, దిగి బైజ్‌నాథ్, రాత్రికి బాగేశ్వర్. దారి పొడవునా వంపు తిరిగిన ప్రతిచోటా అడవి భాంగ్. కొన్నిచోట్ల మగ మొక్కల కొసలు అప్పటికే లేత పసుపు తేలి ఉన్నాయి. బండి ఆపి ఒకదాన్ని తట్టి చూశాను. అరచేతి మీద పొడి పడింది. ఆ తరువాత దారిలో ఏమి చూశానో నాకు గుర్తు లేదు.

ఐదో రోజు: బాగేశ్వర్ పైన, ఆరు నాలీల మడి

రోడ్డు ఆగిపోయిన చోట నుంచి గంటన్నర నడక. మడిని చూసుకుంటున్న దీదీ ఎదురొచ్చి, "రెండు రోజులు ఆలస్యమైంది భాయీజీ, పై మెట్టులో విచ్చాయి," అన్నది. ఆమె కోపంగా అనలేదు, అందుకే మరింత బాధ కలిగింది.

పై మెట్టుకు ఎండ ముందుగా తగులుతుంది. అక్కడ ఇరవై నాలుగు మగ మొక్కలు పూర్తిగా విచ్చాయి. గాలి కదిలినప్పుడల్లా సన్నని పొగలాంటిది లేచి కిందికి జారుతోంది. వాటిలో మాకు కావలసిన తండ్రులు ఉండవచ్చు. పరీక్ష కాలేదు కనుక తెలియదు. తెలుసుకునేదాకా ఉంచితే మిగిలిన మడి చెడుతుంది. ఇరవై నాలుగింటినీ తడిగుడ్డ కప్పి, కదలకుండా మొదలుకు కోసేశాం. ఆ తరువాత ఆడ మొక్కలను ఒక్కొక్కటే చూశాం. కాండం కణుపు దగ్గర కాడ ఉన్న గుండ్రని మొగ్గ గుత్తి కనిపిస్తే అది మగ మొక్క. కాడ లేని చిన్న ఆకుపచ్చ తొడుగు నుంచి జంటగా తెల్లని వెంట్రుకల్లాంటి కీలాగ్రాలు బయటికి వస్తే ఆడది. మన అదృష్టం కొద్దీ ఆడ పూత ఎక్కువ భాగం ఇంకా తెరుచుకోలేదు. తెరుచుకున్న వాటికి ఎర్రగుడ్డ పీలిక కట్టాం. వాటి గింజ పచ్చడికి, నూనెకు వాడుకుంటారు, విత్తనానికి తీయరు.

మధ్యాహ్నం నుంచి ఊరి బడి గది మా ప్రయోగశాల అయింది. ప్రతి మగ మొక్కకూ నంబరు కట్టి, దాని ఆకు ఎండబెట్టి అదే నంబరు కాగితపు పొట్లంలో దీదీ బృందం ముందే సిద్ధం చేసి ఉంచింది. పచ్చి ఆకులో ఈ పదార్థాలు ఆమ్ల రూపంలో ఉంటాయి కాబట్టి పొట్లాలను ముందు వేడిచేశాం. ఆకును ద్రావణిలో నానబెట్టి, ఆ సారాన్ని పలక అడుగున చుక్కగా పెట్టి, పలకను ద్రావణిలో నిలబెడితే పదార్థాలు వేరువేరు ఎత్తులకు పాకుతాయి. ఆపైన ఫాస్ట్ బ్లూ చల్లితే సి.బి.డి. నారింజ రంగులోను, టి.హెచ్.సి. ఎరుపులోను తేలుతుంది. ఈ పరీక్ష మొక్క ఏ వైపుదో చెబుతుంది గాని శాతం చెప్పదు. శాతానికి పూత కొస కోసి గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపవలసిందే. అయినా తండ్రిని ఉంచాలా కోయాలా అన్న నిర్ణయానికి రంగు చాలు.

రాత్రి పన్నెండు దాటాక లాంతరు వెలుగులో పలకలన్నీ వరుసగా పేర్చాం. ఎక్కువ వాటి మీద నారింజ, ఎరుపు చుక్కలు రెండూ ఉన్నాయి. నేను ఊహించినదే అయినా కళ్లతో చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. తల్లులు పదకొండూ శుద్ధమైనవి, తండ్రులు అడవివి. పిల్లలకు చెరొక ప్రతి వచ్చింది. గాలి చేసిన సంకరం పలక మీద లెక్క రాసినట్టు కనిపిస్తోంది. నారింజ చుక్క మాత్రమే ఉన్నవి ముప్పై ఒక్కటి తేలాయి.

ముప్పై ఒక్కటీ ఎందుకు, అందులో మేలైన ఒక్కటి ఉంచితే పోదా అని బడి మాస్టారు అడిగారు. ఒక్క తండ్రితో మడి నింపితే రెండు మూడు తరాల్లో పైరు కుంగిపోతుంది. గాలి సంకరానికి అలవాటుపడిన ఏ పంటకైనా అది తప్పదు. ఇంకొక కారణం కూడా ఉంది. లోయలోంచి వచ్చే అడవి పుప్పొడిని మనం ఆపలేము. ఊరి చుట్టూ అడవి భాంగ్ కోయించారు, అయినా గాలికి ఊరి పొలిమేర తెలియదు. మడి లోపల మంచి పుప్పొడి దండిగా ఉంటే, బయటినుంచి వచ్చే కొద్దిపాటి పుప్పొడికి కీలాగ్రం మీద చోటు దొరికే అవకాశం తగ్గుతుంది. తండ్రుల సంఖ్యే ఇక్కడ మన కంచె.

ఆడ, మగ పూలు ఒకే మొక్కపై పూసే రకాలు తెప్పించుకుంటే ఈ ఏరివేత అంతా తప్పుతుంది కదా అని కూడా ఆయన అడిగారు. జర్మనీలోను, ఉక్రెయిన్‌లోను అలాంటివి తయారుచేశారు. పైరు ఒకేసారి పండుతుంది, యంత్రపు కోతకు అనువు. కాని కేళీలను, అంటే రకానికి సరిపోని మొక్కలను, జాగ్రత్తగా ఏరి తీయకపోతే కొన్ని తరాల్లో మగ మొక్కలు మళ్లీ తలెత్తుతాయి. ఆడ మొక్కకు వెండి లవణం పిచికారీ చేసి, దానిచేత మగ పూలు పూయించి, మొత్తం ఆడ మొక్కలే మొలిచే విత్తనం తీసే పద్ధతీ ఉంది. ఆ విత్తనాన్ని రైతు ప్రతి ఏడూ కొనుక్కోవాలి. నాలుగైదు నాలీల మెట్ల మీద, సొంత విత్తనం దాచుకునే అలవాటున్న చోట, ఏటేటా మెరుగుపడే దేశవాళీ గుంపే సరైన దారి అని నా తీర్పు. దీనికి పదేళ్లు పట్టవచ్చు.

ఆరో రోజు: అదే మడిలో

మంచు తడి ఆరకముందే, పుప్పొడి లేవకముందే దిగాం. నంబరు చదవడం మాస్టారి పని, కోయడం నలుగురు ఆడవాళ్ల పని, కోసిన ప్రతిదాన్నీ పట్టీలో కొట్టివేయడం నా పని. ఎండ రెండో మెట్టుకు వచ్చేసరికి ముప్పై ఒక్క మగ మొక్కలు మిగిలాయి. వాటి నడుమున తెల్లదారం కట్టాం.

నార నాణ్యత సంగతి మనసును పీకుతూనే ఉంది. జర్మనీలో గుస్టాఫ్ బ్రెడెమాన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక పద్ధతి కనిపెట్టాడు. మగ మొక్క పూయకముందే కాండాన్ని నిలువునా చీల్చి, ఒక సగంలో నార ఎంతో తూచి, నార ఎక్కువ ఉన్న వాటి మిగతా సగాన్ని మాత్రమే పూయనిచ్చేవాడు. ఏళ్ల తరబడి అలా ఏరగా ఏరగా నార శాతం రెట్టింపును దాటింది. ఆ పద్ధతి ఈ మడిలో ఈ ఏడే పెట్టాలని ఆశపడి వచ్చాను. కాని ముప్పై ఒక్క కాండాలను చీల్చి అందులో సగం పోగొట్టుకునే స్థితిలో మేము లేము. వచ్చే ఏడు మడిని పదిహేను నాలీలకు పెంచి, మగ మొక్కలు వందల్లో ఉన్నప్పుడు చూద్దామని దీదీ అన్నది. నేను పట్టీ చివర ఆ మాట రాసుకున్నాను.

కోసిన మొక్కలను పారేయలేదు. పూయకముందు కోసిన మగ కాండంలోని నార సన్నగా, మెత్తగా ఉంటుంది. గింజ ముదిరేదాకా నిలిచిన ఆడ కాండంలో బరకగా మారుతుంది. ఆకు దూసి మడిలోనే ఎరువుగా తొక్కి, కాండాలను జానెడు లావు కట్టలుగా కట్టాం. ఊరి కింద గధేరా అనే కొండవాగులో రాళ్లు అడ్డుపెట్టి నీరు నిలిపిన చోటు ఒకటి ఉంది. పాతరోజుల్లో నార ఊరవేసిన గుంట అదేనని, ముప్పై ఏళ్లుగా ఎవరూ వాడలేదని దీదీ అత్తగారు చెప్పింది. ఆమె గట్టు మీద కూర్చుని, ఏ కట్ట ఎటు తల పెట్టి ముంచాలో, పైన ఎంత బరువు రాయి పెట్టాలో చెబుతూ ఉంటే, కోడళ్లు మోకాలి లోతు నీటిలో నిలబడి ఒక్కొక్క కట్టే ముంచారు. పది రోజుల తరువాత బెరడు గోటికి ఊడివస్తుందేమో చూసి తనకు చెప్పమంది. చేతికి అంటే జిగురును బట్టి ఎప్పుడు పైకి తీయాలో తాను చెబుతానన్నది.